ఎర్ర లేబుల్ గిటార్ మా ఇంటికొచ్చింది

పదేళ్లు దాటాక మా ఇంట్లో మళ్లీ ఒక మంచి గిటార్ ఉంది. కొన్న రోజే రాద్దామనుకున్నాను గానీ ఆగాను, ఎందుకంటే ఆ రోజు సంతోషంలో ఏది వాయించినా బాగానే వినిపిస్తుంది. నాలుగు రోజులు వాయించి, తీగలు మార్చి, కనీసం ఒక పెద్ద వాన చూశాక చెబుదామనుకున్నాను. వాన వచ్చి వెళ్లింది. గిటార్ బాగుంది.

ముందు పోయినదాని గురించి చెప్పాలి. అది గివ్‌సన్, కలకత్తాలో తయారైంది. 1998లో మా అన్నయ్య తన మొదటి జీతంలోంచి 2,200 రూపాయలు పెట్టి విశాఖ డాబాగార్డెన్స్‌లో కొనిచ్చాడు. ఆ రోజుల్లో మాలాంటి ఇళ్లలో గిటార్ అంటే కలకత్తా గిటారే. తీగలు బాగా ఎత్తులో ఉండేవి, మెడ లావు, మొదటి మూడు నెలలు వేళ్ల చివర్లు కాయలు కాసి అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ అంకుల్ శనివారం సాయంత్రాలు నేర్పేవారు, ఆదివారం చర్చిలో వాయించబోయే పాటలన్నీ మాకు ముందు రోజే వినిపించేవి. ఆ గిటార్ మీదే ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) పట్టడం వచ్చింది, పెళ్లయ్యాక నాతోపాటు అత్తారింటికి వచ్చింది, మా పాపకి జోల పాడింది కూడా దాని మీదే. పదహారేళ్లు వాయించాక దాని కింది స్వరాల్లో ఒక గుండ్రటి గంభీరం వచ్చింది. కొత్తలో అది లేదు, నాకు బాగా గుర్తు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్లకి ఈ తారీఖు గురించి వేరే చెప్పక్కర్లేదు. మేమప్పుడు పెదవాల్తేరులో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. హుద్‌హుద్ తుఫాను గాలికి హాల్లో కిటికీ ఫ్రేముతో సహా ఊడి లోపలికి పడింది, మేం పాపని పట్టుకుని వంటింట్లో కూర్చున్నాం, గిటార్ గుడ్డ బ్యాగులో ఆ కిటికీ కిందే గోడకి ఆనించి ఉంది. రాత్రికి గాలి తగ్గాక టార్చ్ వేసి చూస్తే హాలంతా నీళ్లు, బ్యాగు ఎత్తితే కుండలోంచి పారినట్టు ధార కట్టింది.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు కాస్త ఎండ రాగానే దాన్ని పట్టుకెళ్లి డాబా మీద ఎండబెట్టాను. అది నేను చేసిన తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తడికి ఉబ్బిన చెక్క ఒక్కసారిగా ఎండితే ఒకచోట ముడుచుకుంటుంది, ఇంకోచోట ముడుచుకోదు, మధ్యాహ్నానికి బ్రిడ్జ్ (పైపలక మీద తీగలు బిగించే చెక్క) వెనక నుంచి అడుగు దాకా పగులు వచ్చేసింది, వెనక పలక జిగురు వదిలి అట్ట ఊడినట్టు ఊడింది. మీ గిటార్ ఎప్పుడైనా తడిస్తే వెంటనే తీగలు వదులు చేసి, తుడిచి, నీడలో పెట్టండి, ఫ్యాన్ గాలి కూడా నేరుగా తగలనివ్వకండి, వారమో పది రోజులో తొందరపడకుండా ఆరనివ్వండి. అన్నయ్యకి ఫోన్లు కలిసిన రోజు చెబితే "పోతే పోనీలేవే, మనుషులం బాగున్నాం కదా" అన్నాడు. నిజమే. అయినా చాలా రోజులు ఆ మూల ఖాళీగానే ఉంచాను.

తర్వాత ఒక కొత్త గిటార్ కొన్నాను. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, కానీ చేయి దాని మీదకి వెళ్లేది కాదు, చివరికి అక్క కొడుక్కి ఇచ్చేశాను, వాడు బాగా వాయిస్తున్నాడు. అప్పుడే ఎవరో వాడిన పాత గిటారే వెతుకుదామని నిర్ణయించుకున్నాను. మొదటి ప్రయత్నంలో దెబ్బ తిన్నాను. ఫోటోలు చూసి వేరే ఊరి నుంచి తెప్పించుకుంటే, వచ్చినదాని మెడ విల్లులా వంగి ఉంది, ఊడిన బ్రిడ్జ్‌ని మేకులు కొట్టి పైన రంగు వేశారు. 9,000 పోయాయి. ఎవరి దగ్గర కొన్నానో రాయను, ఆ తర్వాత నేను నేర్చుకున్నది మాత్రం వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పాత గిటార్ చూడ్డానికి వెళ్తే వాయించకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి. నాతోపాటు ఒక స్టీలు స్కేలు, చిన్న అద్దం, టార్చ్, ఒక కాగితం ముక్క పట్టుకెళ్తాను. మొదట గిటార్‌ని తుపాకీ గురి పెట్టినట్టు కంటికి ఆనించి మెడ పొడవునా చూడాలి, వంపు ఉందా, మెలిక ఉందా అని. వంపైతే, మెడ లోపల దాన్ని సర్దే ట్రస్ రాడ్ అనే కడ్డీ పనిచేస్తుంటే సరిచేసుకోవచ్చు, మెలిక ఉంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయడమే. తర్వాత పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత ఎత్తుందో స్కేలుతో కొలవాలి. రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే హాయి, నాలుగు దాటితే వేళ్లకి కష్టం. ఎత్తు ఎక్కువుంటే శాడిల్ వైపు చూడాలి. తీగలు ఆనే ఆ తెల్ల ముక్క బ్రిడ్జ్ మీద ఇంకా కాస్త ఎత్తు మిగిలి ఉంటే అరగదీసి తీగలు దించుకోవచ్చు. అప్పటికే అరిగిపోయి, అయినా తీగలు ఎత్తులోనే ఉన్నాయంటే మెడ కోణమే మారిపోయిందన్నమాట. అది ఊడదీసి మళ్లీ అమర్చాల్సిన పని, గిటార్ ధరని మించిన ఖర్చు కావచ్చు.

ఇదంతా ఎందుకొస్తుందంటే, మామూలు పన్నెండు నంబర్ స్టీలు తీగల సెట్ శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిపి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. పగలూ రాత్రీ, యాభై ఏళ్లపాటు. ఆ పల్చటి పలక అంత లాగుడిని తట్టుకుని నిలబడటం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాగితం ముక్క బ్రిడ్జ్ అంచు కిందకి దూరుతుందేమో చూడటానికి, దూరితే జిగురు వదులుతోందని లెక్క. అద్దం, టార్చ్ పైపలకలో ఉండే గుండ్రటి సౌండ్ హోల్‌లోంచి పలకకి ఆసరాగా అతికించిన లోపలి కర్రలు చూడటానికి. ఒక్కో కర్ర దగ్గరా వేలి కణుపుతో పైనుంచి తట్టుకుంటూ వెళ్తే, ఊడినచోట గరగరమని వేరే చప్పుడొస్తుంది. ఇవన్నీ అయ్యాకే వాయించాలి, ముందే వాయిస్తే మనసు దానివైపు వెళ్లిపోయి కళ్లు పనిచేయవు.

ఇక దొరికిన గిటార్ సంగతి. లాసన్స్ బే కాలనీలో ఒక పాత ఇల్లు, డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారు, సామానంతా తీసేస్తున్నారని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ ఇంటి పెద్దాయన అటక మీద నుంచి దించిన చెక్క పెట్టె తెరిస్తే సౌండ్ హోల్‌లో ఎర్ర లేబుల్ కనిపించింది. యమహా ఎఫ్‌జీ-180. లేబుల్ మీద నిప్పన్ గక్కి అని పాత పేరు. ఆ కంపెనీ పేరు యమహా కార్పొరేషన్‌గా మారింది 1987లో. ఎఫ్‌జీ వరుసలో మొదటి గిటార్లు 150, 180 వచ్చింది 1966లో, ఈ ఎర్ర లేబుల్ 1970ల మొదట్లోనే ఆకుపచ్చకి మారిపోయింది. అంటే నా కంటే పెద్దది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది అంకుల్?" అని అడిగాను.

"మా నాన్నగారు ఓర్ షిప్పుల మీద పనిచేసేవారమ్మా. జపాన్ వెళ్లినప్పుడు తెచ్చారు."

ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ పంపడానికే కదా 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేసింది. అరకు వెళ్లేటప్పుడు మనం సొరంగాలు లెక్కపెట్టే లైను అదే. ఆ కొండల మట్టి మన పోర్టు మీదుగా జపాన్ వెళ్తే, అలాంటి ఓడలోనే ఒక మనిషి తిరిగొస్తూ ఈ గిటార్ పట్టుకొచ్చాడు. ఇంతకాలం నేను బీచ్ రోడ్డులో నిలబడి చూసిన ఓడలు నాకు వేరేగా కనిపిస్తున్నాయి.

స్కేలు తీశాను. మెడ తిన్నగా ఉంది. లావు తీగ మూడు మిల్లీమీటర్ల పైన, కానీ శాడిల్ ఎత్తు ఇంకా ఉంది. బ్రిడ్జ్ కిందకి కాగితం దూరలేదు. మొదటి రెండు ఫ్రెట్లు గాడులు పడ్డాయి, ఒక ట్యూనింగ్ కీ బిగుసుకుపోయింది. తీగలు తుప్పుతో నల్లబడ్డాయి, అయినా జీ కార్డ్ ఒక్కసారి మీటి వదిలేస్తే ఆ గది చాలాసేపు మోగింది. ఆయన 35,000 చెప్పారు, నేను ఫ్రెట్ల పని చూపించాను, 28,000 దగ్గర ఒప్పుకున్నారు. పెట్టె మూస్తూ "జాగ్రత్తమ్మా" అన్నారు, అంతే. నాకు గొంతు పట్టేసింది.

కంచరపాలెంలో హార్మోనియంలు, వీణలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బొబ్బిలి దగ్గరివాడు, వీణల పనిలోనే పెరిగాడు. గిటార్ని వెనక్కి తిప్పి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని "ఏటమ్మా ఇది, ప్లైవుడ్డు లాగుందే" అన్నాడు. బొబ్బిలి వీణంటే పనస దుంగని తొలిచి ఒకే చెక్కలోంచి తీసేది, అలాంటి పని ఎరిగిన మనిషికి పొరలు అతికించిన పలక నచ్చకపోవడం సహజం. ఆయన చెప్పింది నిజమే. ఎఫ్‌జీ-180 పైపలక కూడా అతికించిన పొరల స్ప్రూసే. ఒంటి పలక ఉన్న గిటారే గొప్పదని చాలామంది వాదిస్తారు, స్వరం విషయంలో ఆ మాటలో బలం ఉంది కూడా. కానీ మనముండేది సముద్రం పక్కన. జూలై నుంచి అక్టోబర్ దాకా గాల్లో తేమ ఎనభై శాతం దగ్గర తిరుగుతుంటుంది, గిటార్‌కి సుఖంగా ఉండేది యాభై చుట్టుపక్కల. ఒంటి పలక ఆ తేమకి ఉబ్బుతుంది, ఎండకాలం ఏసీ గదిలో ముడుచుకుంటుంది. పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి ప్లై అంతగా కదలదు. ఈ ఊళ్లో, అటక మీద, యాభై ఏళ్లు ఒక్క పగులు లేకుండా అది బతికింది అందుకేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎక్కడో పొడిగా ఉండే ఊళ్లో ఉంటే ఏం కొనేదాన్నో గానీ విశాఖలో ఉంటూ నేను మళ్లీ ఇదే కొంటాను.

ఆయన రెండు ఫ్రెట్లు మార్చాడు, మిగతావి సమం చేశాడు, ఎముకతో కొత్త శాడిల్ చేశాడు, కీలకి నూనె వేశాడు. వీణకైతే మెట్లు మైనంలో నిలబెడతారు, సరిపోకపోతే కరిగించి సర్దుకోవచ్చు, దీనికి ఆ వీలు లేదంటూ ఒక్కో ఫ్రెట్ దగ్గరా ఆగి ఆగి చేశాడు. 4,500 తీసుకున్నాడు. తీగలు ఇంకాస్త సన్నటి పదకొండు నంబర్‌వి వేయించాను, పాత మెడ మీద లాగుడు కొంత తగ్గుతుందని. పని అయ్యాక తనే ఒక తీగ మీటి, కాసేపు విని, "మోగుతాదమ్మా, బాగా మోగుతాది" అన్నాడు.

స్వరం నా గివ్‌సన్‌లా లేదు. దానిలో కింది తీగలు ముందుకొచ్చేవి, దీనిలో మధ్య తీగలు మాట్లాడతాయి, స్పష్టంగా, కాస్త పొడిగా. మొదటి వారం పాత పాటలే వాయిస్తూ ప్రతిసారీ ఆ గంభీరం కోసం చెవి పెట్టుకున్నాను, రాలేదు. రెండో వారం మా పాప పక్కన కూర్చుని, దానికి నచ్చిన పాటకి కార్డ్స్ వెతకమంది, అప్పుడు వేలితో విడివిడిగా తీగలు మీటుతుంటే ఇది ఎలా మోగుతుందో మొదటిసారి సరిగ్గా విన్నాను. పాతదానికీ దీనికీ పోలిక ఆ రోజు నుంచి గుర్తు రాలేదు.

ఇప్పుడది కిటికీకి దూరంగా, లోపలి గోడ దగ్గర, దాని చెక్క పెట్టెలోనే ఉంటోంది. పెట్టెలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు, యాభై అంకె కోసం రోజూ చూసుకునే ఒక చిన్న తేమ మీటరు. మొన్న వాన రెండు రోజులు కురిశాక స్కేలు పెట్టి చూశాను, తీగ ఎత్తు ఎక్కడిదక్కడే ఉంది. ఈ ఆదివారం లాసన్స్ బే అంకుల్‌ని భోజనానికి పిలిచాను. కొత్త శాడిల్ వేశాక అది ఎలా మోగుతోందో ఆయన ఇంకా వినలేదు.