వసారా స్తంభానికి చీల ఎంత లావు? నా అనుభవం

కోనసీమలో మా తాతల నాటి మండువా ఇంటి వసారా స్తంభాలు టేకువి. వీధి వైపు రెండింటికి చెద పట్టింది. పైన దూలం మాత్రం రాయిలా ఉంది. కొత్త స్తంభాలకి టేకు రాజమండ్రిలో దొరికింది. ధర సంగతి వదిలేద్దాం. తల పట్టుకున్నదల్లా స్తంభాన్నీ దూలాన్నీ కలిపి పట్టే చీలల దగ్గరే.

"బోల్టు వేసేద్దామండి, అరగంట పని" అన్నారు మేస్త్రి గారు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇనుము ఎన్నాళ్లుంటుందో మా గేటును చూస్తే చాలు. పైగా టేకులో ఇనుము తడిస్తే చుట్టూ నల్లమరక దిగుతుంది. కొయ్య చీలే కావాలన్నాను. "అయితే అంగుళం లావు పెడదాం, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నారు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. స్తంభం తల మీద చెక్కే నాలుక ఒకటిన్నర అంగుళం మందం, నాలుగు అంగుళాల వెడల్పు. అది దూలం అడుగునున్న బెజ్జంలో దూరుతుంది, రెండు చీలలు అడ్డంగా పడతాయి. అంగుళం చీలలు రెండు పెడితే ఆ వరసలో నాలుకకి మిగిలేది రెండంగుళాల చెక్క. ముప్పావు అంగుళానివైతే రెండున్నర మిగులుతుంది. చీల లావు పెంచితే చీల బలం పెరిగే మాట నిజమే, ముప్పావు కంటే అంగుళం చీల కోత వైశాల్యం 78 శాతం ఎక్కువ. కానీ ఆ బలమంతా నాలుకని తొలిచి తెచ్చుకున్నదే.

ఇంతకీ కప్పు బరువు చీల మీద పడదు, నాలుక పక్కన మిగిలే స్తంభం అంచుల మీదే, అంటే దాని భుజాల మీదే కూర్చుంటుంది. గాలి కప్పుని పైకి లేపబోయినప్పుడే చీలకి అసలు పని. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

పాత చీలలు ఇనుప కడ్డీతో తట్టి బయటికి తీసి కొలిచాం. అవి పూర్తి గుండ్రం కావు, బాడిసతో ఎనిమిది పలకలుగా చెక్కినవి. ఐదు నూళ్ల పైచిలుకు లావు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). దూలంలో చీల బెజ్జాలు అరిగి కాస్త కోలగా సాగాయి. వాటిని ఆరు నూళ్లకి, అంటే ముప్పావు అంగుళానికి తొలిస్తే అంచులు శుభ్రంగా వస్తాయి. అమెరికాలో కలప చట్రాల ఇళ్లు కట్టేవాళ్లు గట్టి కలపకి ముప్పావు, మెత్తటి పైన్ లాంటివాటికి అంగుళం వాడతారని చదివాను. మన టేకు గట్టి కలప కిందే లెక్క. దాంతో కొలత తేలిపోయింది.

కొలత తేలినా, కర్ర సరైనది కాకపోతే ఏం లాభం? బళ్లు చేసేచోట నల్లతుమ్మ మొద్దు ఒకటి తెచ్చాం. రంపంతో కోయనివ్వలేదు, గొడ్డలితో నిలువునా చీల్పించాను. చీలిస్తే ముక్క కర్ర పోగు (నార) వెంటే వస్తుంది. కోస్తే పోగు మధ్యలో పక్కకి జారి, దెబ్బ పడ్డప్పుడు అక్కడే ఏటవాలుగా విరుగుతుంది. ఆ ముక్కలు వేసవంతా అటక మీద ఎండాయి. ముందే గుండ్రంగా చేస్తే, ఆరేటప్పుడు ఒకవైపు ఎక్కువ కుంచించుకుని కోలగా అవుతాయి.

ఎండాక, వెల్డింగు షాపులో మందపాటి ఇనుప పలకకి ముప్పావు బెజ్జం వేయించి, ముక్కల్ని అందులోంచి సుత్తితో దిగ్గొట్టాం. చుట్టూ సన్నటి పొట్టు రాలి, కింద నున్నటి చీల దిగేది. పోగు వంకరున్నది పలకలోనే పగిలేది. ఆ పగిలినవి చూశాకే మేస్త్రి గారు నా మాట నమ్మడం మొదలుపెట్టారు.

నాలుకలో చీల బెజ్జం వేసే పద్ధతి మాత్రం ఆయనదే. దూలంలోని చీల బెజ్జానికి సరిగ్గా ఎదురుగా కాకుండా అర నూలు కిందికి, భుజం వైపు వేశారు. మొన తేల్చిన చీల దిగుతుంటే నాలుక పైకి గుంజుకుని, స్తంభానికీ దూలానికీ మధ్య సందు కళ్ల ముందే మూసుకుపోయింది. మెత్తటి కర్రయితే నూలు దాకా జరపొచ్చట, టేకుకి అంత పనికిరాదు. బెజ్జం నుంచి నాలుక కొసకి మాత్రం చీల లావుకి రెండింతలు, అంటే ఒకటిన్నర అంగుళం తగ్గకుండా చెక్క ఉంచాలి. లేకపోతే ఆ కొస ఊడిపోతుంది.

ఇదంతా స్తంభాలకీ దూలాలకీ. ద్వారబంధాలకి ముప్పావు చీల పెట్టేరు సుమా! వాటికి 10, 12 మిల్లీమీటర్ల వెదురు చీలలు సరిపోతాయి.

ఆ ఇనుప పలక ఇప్పుడు మేస్త్రి గారి పెట్టెలో ఉంది. దానికి నాలుగు నూళ్లదీ ఐదు నూళ్లదీ బెజ్జాలు కూడా వేయించుకున్నారు.