పర్లాకిమిడిలో సర్దిన పెట్టె

కంబోడియా పేరెత్తితే మా వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను తీసుకుపోయి, అక్కడ ఆన్‌లైన్ మోసాలు చేయించిన వ్యవహారం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే కాబట్టి ఆంధ్రా వార్తలు ఒడిశాలోని మా పర్లాకిమిడికి పొద్దున్నే వచ్చేస్తాయి. బట్టంబాంగ్‌లో ఒక క్రైస్తవ సంఘం నడిపే సాయంత్రం బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పగానే పెద్దనాన్న అడిగిన మొదటి మాట: "ఏటమ్మా, నీ పాస్‌పోర్టు ఎవుడి చేతిలో ఉంటాది?"

అంతకంటే మంచి ప్రశ్న ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు. అక్కడ పనిచేసి వచ్చిన వాళ్లతో మాట్లాడాను. ఏజెంటు లేడు, ఎవరికీ పైసా కట్టలేదు, తిరుగు టికెట్టు నా దగ్గరే ఉంది. ప్నామ్ పెన్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు ఇంటిల్లిపాదీ ఫోన్లలో ఎక్కించుకున్నారు. వీసా కూడా టూరిస్టులకిచ్చే టి రకం కాకుండా, ఎక్కువ కాలం పొడిగించుకునే వీలున్న ఇ రకానికే వెళ్లాను. బడివాళ్లు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ అడిగితే అమ్మ నొచ్చుకుంది. నాకు మాత్రం అప్పుడే వాళ్ల మీద నమ్మకం కుదిరింది. పిల్లల దగ్గరికి పంపే ముందు మన గురించి వాకబు చేయని వాళ్ల దగ్గరికి అసలు వెళ్లకూడదు. అంతకుముందు ఒక అనాథాశ్రమం నుంచి పిలుపొస్తే వద్దన్నాను. కంబోడియాలో అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పటినుంచో చెబుతోంది. వచ్చేపోయే వాలంటీర్ల కోసం పిల్లల్ని అలా ఉంచడం నా మనసుకు ఎక్కలేదు.

మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు ప్రార్థన చేసి, అక్కడ పంచమని ఒక సంచి నిండా ఇంగ్లీషు కరపత్రాలు చేతిలో పెట్టారు. పాస్టరు గారు ఆ సంచి తీసి బల్ల కింద పెట్టేశారు. కంబోడియాలో బౌద్ధమే రాజ్యమతం. వేరే మతం వాళ్లు ఇంటింటికీ తిరిగి ప్రచారం చేయకూడదు. పుస్తకాలు పంచుకోవాలంటే ప్రార్థనాలయం లోపలే. డబ్బో వస్తువో చూపి మతం మార్చడం నిషేధం. బలవంతం చేసో ఆశ చూపో మతం మార్చకూడదనే 1967 నాటి ఒడిశా మతస్వేచ్ఛ చట్టం కింద పెరిగిన సంఘం మాది, ఇలాంటివి విడమరిచి చెప్పక్కర్లేదు. "ఇంగ్లీషు చెప్తానని వెళ్తున్నావు, ఇంగ్లీషే చెప్పు. నీ నడతను బట్టి వాళ్లే అడిగితే అప్పుడు మాట్లాడు," అన్నారు ఆయన. నా సొంత బైబిలు ఒక్కటే పెట్టెలోకి వెళ్లింది.

ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పే 120 గంటల ఆన్‌లైన్ కోర్సు పూర్తయ్యాక, అసలు పాఠం ఎలా చెప్తానో చూద్దామని వేసవిలో నన్ను గుమ్మ వైపు కొండల్లోని ఒక సవర గిరిజనుల ఊరికి పంపారు. పిల్లలకు ఇంట్లో సవర, బడిలో ఒడియా. నా తెలుగుతో అక్కడ పని లేదు. జీడిగింజలు ఏరే రోజులవి. జీడి అంటుకుని పిల్లల వేళ్ల కొసలు నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేస్తోంది. నేను పట్టుకెళ్లిన రంగు బొమ్మల కంటే ఆ గింజలే ముందు పనికొచ్చాయి: లెక్క, పెద్దది చిన్నది, నాది నీది, ఇవ్వు తీసుకో. ఒక పిల్ల అయితే ఎంతకీ నోరు విప్పదు. సవర అంకెలు నేను చెప్పబోతే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సరిగ్గా పలికేదాకా నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఇంగ్లీషు అంకెలకు సిగ్గుపడలేదు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. మా ఊరి రాజావారి బడిలో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పాలనుకుని, సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తానే శిష్యుడయ్యారు. వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు అన్నీ ఆ మీదటే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, మా ఊళ్లో ఇప్పటికీ ఏ పంతులునైనా ఆయన పక్కన నిలబెట్టే తూస్తారు.

అందుకని బట్టల కంటే ముందు కంబోడియా వాళ్ల భాష ఖ్మేర్ అక్షరాలు పట్టాను. క ఖ వరసే, 33 హల్లులు, కింద ఒత్తులు కూడా ఉన్నాయి. పల్లవుల లిపి నుంచి పుట్టింది కదా, చూడగానే మన లిపితో చుట్టరికం తెలిసిపోతుంది. పలకబోతే మాత్రం ఆ చుట్టరికం అక్కరకు రాదు. అక్కడి టీచరు వీడియో కాల్‌లో ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల పిల్లలు ఇంగ్లీషు మాటల చివరి హల్లును మింగేస్తారట, రైస్, రైట్, రైడ్ మూడూ ఒక్కలాగే వినిపిస్తాయట. మనమేమో ప్రతిదానికీ చివర ఉకారం తగిలించి బస్సు, కప్పు అంటాం. ఇద్దరి తప్పులూ కలిపితే సరైన ఇంగ్లీషు వస్తుందేమోనని నవ్వుకున్నాం.

పెట్టె బరువు 20 కిలోలు దాటకూడదు, చేతి సంచి 7. దారిలో కాశీబుగ్గలో దిగి, మావయ్య జీడిపప్పు కొట్టులోని కాటా మీద పెడితే ముల్లు 23 దగ్గర ఆగింది. గోనె సంచుల మీదే పెట్టె విప్పాం. లావుపాటి గ్రామరు పుస్తకం, రెండో జత బూట్లు, పట్టుచీర బయటికొచ్చాయి. పాఠాలకు పనికొచ్చే బస్సు టికెట్లు, పాత నాణేలు, మా ఇంటి ఫొటోలు, కేలండర్లలోంచి కత్తిరించి లామినేషన్ చేయించిన బొమ్మలు ఉండిపోయాయి. భుజాలూ మోకాళ్లూ కప్పే చుడీదార్లు చాలు. గుమ్మం బయట చెప్పులు విడవడం, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. నూనె కారుతుందని నేనంటున్నా వినకుండా అత్త ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టి, టేపు వేసి, బట్టల నడుమ దూర్చేసింది.

విశాఖలో డాలర్లు తీసుకునేటప్పుడు ఒక్కో నోటూ వెలుగుకు పట్టి చూశాను. అంచున చిన్న చిరుగున్నా కంబోడియాలో ముట్టుకోరు. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి కంబోడియా అని చూడగానే పక్కన కూర్చోబెట్టారు. టికెట్టు ఎవరు కొన్నారు, జీతమెంత, ఎక్కడుంటావు? బడి ఉత్తరం, తిరుగు టికెట్టు చూపించి జవాబులు చెబుతుంటే, "ఒడిశా పాస్‌పోర్టు, శ్రీకాకుళం యాసా!" అని నవ్వి ముద్ర వేశారు.

బ్యాంకాక్‌లో విమానం మారి ప్నామ్ పెన్, అక్కడినుంచి ఐదో నంబరు జాతీయ రహదారి మీద బస్సు. దారి పొడవునా వరి చేలే. బడిలో వైట్‌బోర్డు ఉంది, నేను మోసుకెళ్లిన చాక్‌పీసులు డబ్బాలోనే ఉండిపోయాయి. బస్సు టికెట్లు మాత్రం చేతులు మారీ మారీ నలిగిపోయాయి. కండక్టరు ఆట ఆడమని పిల్లలు రోజూ ప్రాణం తీసేవాళ్లు. మీలో ఎవరైనా వెళ్తుంటే గొడుగు, దోమల మందు, మార్కర్లు ఇక్కణ్ణుంచి మోయకండి, బజార్లో దొరుకుతాయి. ఆవకాయ దొరకదు.