గదులు కాదు, హోల్డర్లు లెక్కపెట్టండి

స్మార్ట్ లైట్లు ఎన్ని కావాలి అని ఎవర్నడిగినా గదులే లెక్కేస్తారు. నాలుగు గదులు, హాలు, వంటగది, మహా అయితే పది అంటారు. తీరా తల పైకెత్తి చూస్తే ఒక్క హాలు ఫాల్స్ సీలింగ్‌లోనే పన్నెండు డౌన్‌లైట్లుంటాయి. మనకి అది "హాల్లో లైటు", ఈ లైట్లన్నిటినీ నడిపించే హబ్ అనే పెట్టెకి మాత్రం పన్నెండు డివైజులు.

ఫిలిప్స్ హ్యూ వాళ్ళు తమ హబ్‌ని బ్రిడ్జ్ అంటారు. అందులో చదరపుది, అంటే 2015లో వచ్చింది, సుమారు 50 లైట్లకీ 12 యాక్సెసరీలకీ అని కంపెనీయే చెబుతుంది. అందరూ ఆ 50 చూసి ధైర్యంగా ఉంటారు కానీ మెట్ల దగ్గరో సెన్సారు, బాత్రూమ్‌లో ఇంకోటి, మంచం పక్కన రిమోట్ అనుకుంటూ పోతే ముందు నిండేది ఆ 12. 2025లో వచ్చిన బ్రిడ్జ్ ప్రోలో ఇవి 150, 50 అయ్యాయి. ఐకియా వాళ్ళ హబ్ డిరిజెరా అయితే 100 డివైజుల దాకా.

వైఫై బల్బులకి హబ్ అక్కర్లేదు, నిజమే, కానీ ఆ బరువు రౌటర్ మీద పడుతుంది. రౌటర్ 250 పైచిలుకు అడ్రస్‌లు ఇవ్వగలిగినా దాని రేడియో అన్నిటినీ ఒకేసారి మోయలేదు, పైగా ఈ బల్బుల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒక్క వైఫై బ్యాండ్ మీదే కూర్చుంటాయి.

హ్యూ లాంటి హబ్‌లు బల్బులతో మాట్లాడే వైర్‌లెస్ పద్ధతి జిగ్‌బీ, అందులో ఇంకో తిరకాసుంది. కరెంటు మీద నడిచే బల్బులే సాధారణంగా పక్కవాటి సిగ్నల్‌ని ముందుకి అందిస్తాయి, బ్యాటరీ సెన్సార్లు ఆ పని చెయ్యవు. ఎవరో అలవాటుగా గోడ స్విచ్ ఆపేశారంటే ఆ బల్బు మీద ఆధారపడ్డ సెన్సారు కూడా వేరే దారి దొరికేదాకా మూగబోవచ్చు. కాగితం మీద 65 వేల డివైజుల నెట్‌వర్క్ అంటారు, దాన్ని మర్చిపోండి.

వేగం సంగతి కూడా చూసుకోవాలి. హ్యూ పాత బ్రిడ్జ్‌కి సెకనుకి పది దాకా లైట్ కమాండ్లు పంపడం మంచిదని డెవలపర్లకి చెప్పేవారు, కాబట్టి పన్నెండు లైట్లని విడివిడిగా వెలిగిస్తే సెకను దాటిపోతుంది, ఒక్కొక్కటే టపటపా వెలగడం కంటికి తెలిసిపోతుంది. గ్రూపు చేస్తే ఒకే కమాండ్‌తో అన్నీ కలిసి వెలుగుతాయి, అయినా డివైజుల లెక్క మాత్రం తగ్గదు.

అందుకే నేనైతే డౌన్‌లైట్లన్నిటికీ ఒక్క స్మార్ట్ స్విచ్ పెట్టేస్తాను. పన్నెండు కాస్తా ఒకటవుతుంది. రంగులు పోతాయి, పోనీండి, సీలింగ్ మొత్తం ఊదారంగులో ఎన్ని రోజులు చూస్తాం? రంగుల బల్బులు టేబుల్ ల్యాంప్‌కీ టీవీ వెనక్కీ చాలు. ఆ తర్వాత వచ్చిన లెక్క మీద మూడో వంతు ఖాళీ ఉండే హబ్ చూసుకుంటే సరి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో లేదో మాత్రం ముందే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, చాలా స్మార్ట్ స్విచ్‌లకి అది కావాలి. లేకపోయినా పనిచేసేవి ఉన్నాయి గానీ, వాటితో చిన్న ఎల్ఈడీలు ఆపేశాక కూడా మినుకుమినుకుమనొచ్చు.