అనంతపురంలో ఐదో మ్యాచ్

ఆషాఢంలో అనంతపురం వెళ్లేవారు గాలికి సిద్ధపడి వెళ్లాలి. డోన్ దాటి ప్యాపిలి సమీపించేసరికి మా వ్యాను కిటికీ అద్దాలు గడగడలాడడం మొదలైంది. దూరపు గట్ల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతున్నాయి. వెనక సీట్లలో పిల్లలు వాటిని లెక్కపెడుతుంటే, ఈ గాలి మేం బ్యాడ్మింటన్ ఆడబోయే హాలులోకి ఎంత చొరబడుతుందో, షటిల్‌ను ఎటు లాగుతుందో అన్నదే నా ఆలోచన.

కర్నూలులో వ్యాయామ ఉపాధ్యాయుడిని నేను. సాయంత్రాలు మా పేటలోని ఇండోర్ హాలులో పిల్లలకు షటిల్ నేర్పుతుంటాను. నాలుగైదు ఊళ్ల క్లబ్బులు కలిసి పదహారేళ్లలోపు కుర్రాళ్లకు అనంతపురంలో జట్టు పోటీలు పెడుతున్నాయని తెలిసి బయలుదేరాం. మన దగ్గర పోటీలంటే సాధారణంగా ఎవరి ఆట వారిదే, ఎవరి కప్పు వారిదే. ఇక్కడ మాత్రం మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ముందుగా మూడు గెలిచిన జట్టుదే విజయం. పురుషుల ప్రపంచ జట్టు పోటీ అయిన థామస్ కప్పులో పెద్దవాళ్లు ఆడేదీ ఈ పద్ధతిలోనే. 2022 మేలో మనవాళ్లు బ్యాంకాక్‌లో ఆ కప్పు గెలిచినప్పటి నుంచి, మా పిల్లలకు ఆ అనుభవం దొరకాలని ఎదురుచూస్తున్నాను.

గుత్తిలో టిఫినుకు ఆగాం. ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. కొండ మీద కోట గోడలు ఎండలో ఎర్రగా కనిపిస్తున్నాయి. బజ్జీ కొరుకుతూ మా తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగాడు: "సార్, ఆ సంవత్సరం బ్యాంకాక్‌లో మనవాళ్లు ఎలా గెలిచారు?" పక్కనున్నవాడు నాకంటే ముందే జవాబిచ్చాడు: "సాత్విక్ స్మాష్ వల్ల!" అమలాపురం కుర్రాడు గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ పుస్తకంలోకెక్కిన సంగతి మా హాలులో తెలియని పిల్లాడు లేడు. ఆ స్మాష్ విలువను నేను తక్కువ చేయను. కానీ ఆ ప్రశ్నకు జవాబు అంత చిన్నది కాదు. పామిడి దగ్గర పెన్న వంతెన దాటేదాకా వ్యానులో ఇదే చర్చ నడిచింది.

ఆ పోటీలను మొదటి నుంచి చూద్దాం. గ్రూపు దశలో జర్మనీ, కెనడాల మీద 5-0తో గెలిచాం. చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడాం. క్వార్టర్ ఫైనల్లో మలేసియా, సెమీ ఫైనల్లో డెన్మార్క్. ఈ రెండింటిలోనూ మొదటి మ్యాచ్ మనం ఓడిపోయాం. లక్ష్యసేన్‌ను ఒకసారి లీ జీ జియా, మరోసారి విక్టర్ ఆక్సెల్సెన్ ఓడించారు. రెండు సార్లూ మన మొదటి డబుల్స్ జంట సాత్విక్, చిరాగ్ లెక్క సమం చేశారు. మన గుంటూరు శ్రీకాంత్ ఆధిక్యం తెచ్చాడు. నాలుగో మ్యాచ్, అంటే రెండో డబుల్స్, రెండు సార్లూ పోయింది. 2-2 మీద ఐదో మ్యాచ్‌కు దిగినవాడు ప్రణయ్. అప్పటికి లక్ష్య ప్రపంచ ర్యాంకు 9, శ్రీకాంత్‌ది 11, ప్రణయ్‌ది 23. డెన్మార్క్‌తో ఆడుతూ మొదటి గేమ్‌లో కాలు జారి మడమ దగ్గర దెబ్బ తగిలింది. ఆ గేమ్ 13-21తో పోయింది. తర్వాతి రెండూ 21-9, 21-12తో గెలిచాడు. మన జట్టు ఫైనల్ చేరింది ఆ మూడో సింగిల్స్ ఆటగాడి వల్లనే. ఫైనల్లో, అప్పటికి పద్నాలుగు సార్లు ఆ కప్పు గెలిచిన ఇండోనేసియాను 3-0తో ఓడించాం. ఆ రోజు ప్రణయ్ రాకెట్ పట్టాల్సిన అవసరమే రాలేదు.

జట్టు గెలుపును మొదటి ర్యాంకు ఆటగాడితో కొలవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ప్రపంచ స్థాయిలో ప్రతి జట్టుకూ ఒక మంచి మొదటి సింగిల్స్ ఆటగాడు ఉంటాడు. తేడా వచ్చేది మూడో సింగిల్స్‌లో, రెండో డబుల్స్‌లో. అక్కడ ఎవరున్నారో చూస్తే ఆ దేశంలో ఆట ఎంత లోతుకు దిగిందో తెలిసిపోతుంది. 2016లో డెన్మార్క్ మొదటిసారి థామస్ కప్పు గెలిచినప్పుడూ ఫైనల్ 2-2కే వచ్చింది. ఐదో మ్యాచ్ గెలిచి కప్పు అందించినవాడు విట్టింగుస్. ఆక్సెల్సెన్ పేరు తెలిసిన మా పిల్లల్లో ఒక్కడూ ఆయన పేరు వినలేదు. 60 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో క్లబ్బులు ఒకదానితో ఒకటి జట్లుగా తలపడే లీగ్ ఏళ్ల తరబడి నడుస్తోంది. అక్కడి పిల్లలు చిన్నతనం నుంచే తమ గెలుపు ఇంకొకరి గెలుపుతో కలిస్తేనే లెక్కలోకి వస్తుందని తెలుసుకుంటూ పెరుగుతారు.

అనంతపురం చేరేసరికి పదకొండు దాటింది. హాలు ఊరికి కాస్త ఎడంగా ఉంది. పైన రేకుల కప్పు, గోడల పైభాగాన పొడవాటి వెంటిలేటర్లు. ఒకవైపు వాటికి అట్టలు అడ్డం పెట్టారు. రెండోవైపు పెడితే లోపల ఊపిరి ఆడదు. మ్యాచ్‌లకు ముందు నిర్వాహకులు షటిల్ వేగం పరీక్షించారు. వెనక గీత దగ్గర నిలబడి, కింది నుంచి పైకి నిండు బలంతో కొడితే అది అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. వేడికి గాలి పలుచబడితే షటిల్ ఇంకా దూరం పోతుంది. అందుకే మన ప్రాంతంలో నెమ్మదిగా వెళ్లే రకం వాడతారు. డబ్బా మీద 75, 76 అని అంకెలుంటాయి. అంకె తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది. ఈ హాలులో ఉత్తరం వైపు నుంచి కొడితే గీత మీద పడుతోంది, దక్షిణం నుంచి కొడితే అడుగున్నర ముందే రాలిపోతోంది. ఒకటే షటిల్, ఒకటే చెయ్యి.

ఇది చిన్న ఊళ్ల సమస్య అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. అంతర్జాతీయ స్టేడియాల్లో ఏసీ గాలి ఇదే పని చేస్తుంది. పెద్ద ఆటగాళ్లు ముందురోజు సాధన సమయంలో మొదట చూసుకునేది దీన్నే. గాలి వెనక నుంచి తోసే వైపు ఉన్నప్పుడు టాస్ (షటిల్‌ను ఎత్తి వెనక్కి పంపే దెబ్బ) పొట్టిగా వేయాలి, స్మాష్‌లు ఎక్కువ కొట్టాలి. గాలికి ఎదురుగా ఉన్నప్పుడు ధైర్యంగా ఎత్తి వెనక గీతకు పంపవచ్చు, ర్యాలీ సాగదీయవచ్చు. మూడో గేమ్‌లో 11 దగ్గర కోర్టు మారతారు కాబట్టి, చివరి పది పాయింట్లు ఏ వైపు ఆడాల్సి వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. కోచ్‌కు దొరికేది 11 దగ్గర 60 సెకన్లు, గేమ్‌ల మధ్య రెండు నిమిషాలు. అందులో నాలుగు సంగతులు చెబితే పిల్లవాడికి ఒక్కటీ ఎక్కదు. నేను ఆ రోజు ప్రతి విరామంలో ఒక్క మాటే చెప్పాను: ఎత్తు.

తాడిపత్రి జట్టుతో మా తొలి పోటీ. 2-2 అయ్యింది. ఐదో మ్యాచ్ ఆడాల్సింది గుత్తిలో ఆ ప్రశ్న అడిగిన తొమ్మిదో తరగతి కుర్రాడే. అందరికంటే ఎక్కువ కష్టం అతనిదే. ఉదయం నుంచీ కూర్చునే ఉన్నాడు. ఎప్పుడు ఆడతాడో, అసలు ఆడతాడో లేదో తెలియదు. కడుపు నిండా తింటే ఒళ్లు బరువు, తినకపోతే చివర్లో కాళ్లు రావు. తనవాళ్ల ప్రతి పాయింటుకూ అరుస్తూ ఉంటే తన మ్యాచ్‌కు ముందే సగం శక్తి పోతుంది. మూడో మ్యాచ్ రెండో గేమ్ మొదలవగానే అతన్ని హాలు బయట వేపచెట్టు కిందికి తీసుకెళ్లాను. అరటిపండు, మజ్జిగ ఇచ్చాను. తాడాట ఆడించాను. స్కోరు ఎవరూ చెప్పవద్దని మిగతా పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. పిలుపు వచ్చినప్పుడు నేరుగా కోర్టులోకి నడిచాడు. మూడు గేమ్‌లు ఆడి గెలిచాడు. చివరి గేమ్‌లో కోర్టు మారాక, గాలికి ఎదురుగా, ప్రతిదీ ఎత్తి వెనక్కి పంపుతూ ఆడాడు.

సాయంత్రం ఆతిథ్య జట్టుతో ఆట. మా ఒకటో సింగిల్స్, రెండో సింగిల్స్ గెలిచాయి. రెండు డబుల్స్ పోయాయి. ఐదో మ్యాచ్‌లో మా కుర్రాడి ఒంట్లో ఓపిక లేదు. 2-3. అనంతపురం వాళ్ల దగ్గర మా మొదటి కుర్రాడంతటి ఆటగాడు ఒక్కడూ లేడు. కానీ వాళ్ల ఐదు మ్యాచ్‌లూ ఒకే మట్టంలో ఉన్నాయి. ముఖ్యంగా డబుల్స్‌లో ఒకడు ముందుకొస్తే రెండోవాడు చెప్పకుండానే వెనక్కి వెళ్తున్నాడు. సర్వీస్ తర్వాత మూడో దెబ్బ ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

వాళ్ల కోచ్ పెద్దాయన. యవ్వనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవారు. ఆ ఆటలో కోర్టులో ఐదుగురు ఉంటారు. పక్కవాడి స్థానం చూడకుండా ఆడడం అందులో కుదరదు. డబుల్స్ ఇంత బాగా ఎలా నేర్పారో ఆ సంగతి తెలిశాక నాకు అర్థమైంది. రాత్రి గడియార స్తంభం దగ్గర టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

"ప్రతి ఇంటికీ ఒక సింధు కావాలి సార్," అన్నారాయన. "ఆ సింధుకు రోజూ ఎదురుగా నిలబడి కొట్టే పిల్లలు నలుగురు కావాలని ఒక్కరూ అనరు. డబుల్స్ ఆడిస్తానంటే తల్లిదండ్రులు మొహం చిన్నబుచ్చుకుంటారు."

నేను హాంగ్‌జౌ సంగతి ఎత్తాను. 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు ఫైనల్లో చైనా మీద 2-0 ఆధిక్యంలో ఉండి 2-3తో ఓడింది. లక్ష్య గెలిచాడు, సాత్విక్, చిరాగ్ గెలిచారు. వెన్ను గాయంతో ప్రణయ్ దిగలేదు. మిగిలిన మూడూ పోయాయి. బ్యాంకాక్‌కూ హాంగ్‌జౌకూ మధ్య మన ఆట తగ్గలేదు. ఒక మనిషి తక్కువయ్యాడు, ఆ స్థానానికి అంతటివాడు వెనకాల సిద్ధంగా లేడు. ఆ వెండి పతకం మనకు చరిత్రాత్మకమే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన దానికి ఎదురు ఉదాహరణ చెప్పారు. 2024 ఫిబ్రవరిలో మలేసియాలోని షా ఆలంలో మన అమ్మాయిలు ఆసియా జట్టు టైటిల్ గెలిచారు. చైనాతో, సెమీస్‌లో జపాన్‌తో, ఫైనల్లో థాయ్‌లాండ్‌తో మూడు సార్లూ 2-2 వచ్చింది. మూడు సార్లూ ఐదో మ్యాచ్ గెలిచింది పదిహేడేళ్ల అన్మోల్ ఖర్బ్, ప్రపంచ ర్యాంకు 472. "ఆ అంకె చూసి ఆ అమ్మాయిని పక్కన పెట్టి ఉంటే?" అన్నారాయన. ర్యాంకు అంతర్జాతీయ టోర్నమెంట్లకు వెళ్లే డబ్బునీ అవకాశాన్నీ కూడా చెబుతుంది, ఆటను మాత్రమే కాదు. ఎంపిక చేసేవాళ్లు సాధనలో ఎవరు ఎవరిని ఇబ్బంది పెడుతున్నారో కూర్చుని చూడాలి. గోపీచంద్ అకాడమీ ఇచ్చిన పెద్ద వరం కూడా అదే అని ఇద్దరం ఒప్పుకున్నాం. మేటి ఆటగాళ్లెందరో ఒకే హాలులో రోజూ ఒకరితో ఒకరు తలపడడం. నూరుకునే రాయి లేకుండా కత్తికి పదును రాదు.

డబుల్స్ మాట వచ్చినప్పుడు ఇద్దరం ఎక్కువ వేడెక్కాం. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ వెనక నుంచి బలంగా కొట్టే రకమే. వాళ్లను జంటగా కలిపింది మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హర్. తర్వాత డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో వాళ్లను తీర్చిదిద్దాడు. 2011లో జ్వాల, అశ్విని ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చినప్పుడే మనం డబుల్స్‌కు ప్రత్యేక శిక్షకులను జిల్లాల దాకా దించి ఉండాల్సింది. ఐదు మ్యాచ్‌ల పోటీలో రెండు డబుల్స్ అంటే నలభై శాతం. సుదీర్మన్ కప్పు లాంటి మిశ్రమ జట్టు పోటీల్లో ఐదింట మూడు డబుల్సే. సింగిల్స్ మాత్రమే నేర్పి జట్టు కప్పులు ఆశించడం న్యాయం కాదు. డబ్బు అడ్డం వస్తుంది, నిజమే. గట్టిగా సాగే డబుల్స్ గేమ్‌లో ఈకలు త్వరగా విరుగుతాయి. ఒక మంచి షటిల్ డబ్బా కొనాలంటే మా పిల్లల్లో కొందరి తండ్రులకు రెండు మూడు రోజుల కూలి కావాలి. నైలాన్‌తో నేర్చుకున్న చెయ్యి ఈకల షటిల్‌కు అలవాటు పడడానికి మళ్లీ నెలలు పడుతుంది. జిల్లాకో హాలు కట్టిస్తే సరిపోదు, ఆ హాలులో ఏడాది పొడవునా షటిళ్లు ఉండాలి.

మర్నాడు పొద్దున తిరిగి వెళ్లేముందు పిల్లలను ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాలకు తీసుకెళ్లాను. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ కరవు జిల్లాలో మొదలుపెట్టిన సంస్థ అది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఎక్కువగా జరిగింది ఇక్కడే. రఫెల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి 2010 నుంచి ఉంది. మేం వెళ్లేసరికి హాకీ సాధన జరుగుతోంది. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, జంట జంటగా, ఒకటే పాస్ మళ్లీ మళ్లీ కొడుతున్నారు. మా డబుల్స్ కుర్రాళ్లిద్దరూ కంచె పట్టుకుని చాలాసేపు చూశారు. పిలిస్తే గాని కదల్లేదు.

బయలుదేరేముందు పెద్దాయన హాలు దగ్గరికి వచ్చి వీడ్కోలు చెప్పారు. నెలకొక ఆదివారం రెండు ఊళ్ల పిల్లలూ కలిసి సాధన చేయాలని మాట్లాడుకున్నాం. ఒకసారి అనంతపురంలో, ఒకసారి కర్నూలులో. షటిళ్ల ఖర్చు చెరి సగం. మొదటి కొన్ని ఆదివారాలు డబుల్స్ మాత్రమే, జంటలను మార్చి మార్చి ఆడించాలి. చివరి మ్యాచ్ ఎప్పుడూ మూడో సింగిల్స్ కుర్రాళ్లది. శ్రావణంలో మొదటి ఆదివారం వాళ్లు కర్నూలు వస్తున్నారు. హాలు తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఉదయం ఐదున్నరకే తెరుస్తానని చెప్పాను.