స్విఫ్ట్‌కి సైలెన్సర్ మార్చిన కథ: నా అనుభవం

కారు నా చేతికి వచ్చేసరికే దాని గొంతు మారిపోయి ఉంది. 2018 స్విఫ్ట్, పెట్రోలు. 1.2 లీటర్ల ఇంజిన్, 83 పీఎస్ పవర్, బరువు 900 కిలోలు కూడా ఉండదు. కాగితం మీద ఫ్యామిలీ కారే గానీ, ఇంత తేలికైన బండిని మలుపుల్లో తిప్పుతుంటే వచ్చే సరదా వేరు. మొదటి ఓనరు కుర్రాడికి ఆ సరదా చాలలేదు. పొగ గొట్టం మధ్యలో చప్పుడు తగ్గించడానికి ఉండే రెజొనేటర్‌ని కోయించి రెండించుల పైపు వేయించాడు. వెనకాల కంపెనీ సైలెన్సర్ తీసేసి పొగను పెద్దగా అడ్డుకోకుండా వదిలేసే, స్టీలు చెంబంత ఫ్రీఫ్లో డబ్బా ఒకటి బిగించాడు.

హనుమకొండలో కొన్నాళ్లు అది నాకూ బాగానే అనిపించింది. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ మూడో గేరులో కాస్త తొక్కితే వచ్చే చప్పుడు, అబద్ధమెందుకు, నచ్చింది. చిక్కంతా జనగామ డ్యూటీతో మొదలైంది. రోజూ హైదరాబాద్ హైవే మీద 90లో పోతుంటే చెవిలో కాదు, తలలోపల ‘మ్‌మ్’ అని ఒక హోరు. మా అమ్మను ఒకసారి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని యాదగిరిగుట్ట తీసుకెళ్తే స్టేషన్ ఘన్‌పూర్ దాటకముందే అనేసింది: “బిడ్డా, నీ కార్ల కూసుంటే తలకాయంత దిమ్ము దిమ్ము అంటాంది. వచ్చేటప్పుడు నేను బస్సుల వస్త.”

చట్టం సంగతి కూడా మనసులో ఉంది. ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది చెబుతుంది. 2019 సవరణ తర్వాత 190(2) సెక్షన్ కింద శబ్ద ప్రమాణాలు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద వేటు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ఒకటి గమనించాలి. పెట్రోలు కారుకి అక్కడ చూసేది పొగ గొట్టంలో వచ్చే వాయువులనే. చప్పుడును ఎవరూ కొలవరు.

ముందు ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. అక్కడి పిల్లాడు డీబీ కిల్లర్ చేతిలో పెట్టి, “గిది పెడితే సప్పుడే రాదన్నా” అన్నాడు. గొట్టం కొనలో దూర్చే చిన్న బిరడా లాంటి ముక్క అది. పెట్టి చూశాం. పగిలినట్టు వచ్చే పైచప్పుడు తగ్గింది, తలలో హోరు మాత్రం అలాగే ఉంది. పైగా పికప్ మందగించింది.

ఫోనులో డెసిబెల్ యాప్ పెడితే దానిలో అంకె పెద్దగా మారదు, నా తలనొప్పి తగ్గదు. కాస్త చదివాక కిటుకు అర్థమైంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంకు, అంటే ఇంజిన్ తిప్పే ఇరుసు, ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లలో పెట్రోలు పేలుతుంది. నేను 90లో పోతుంటే టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు) 2,700 దగ్గర ఉంటుంది. అంటే సెకనుకు 45 చుట్లు, 90 పేలుళ్లు. ఆ 90 హెర్ట్జ్ ధ్వనే నా శత్రువు. చిన్న కారు క్యాబిన్ అలాంటి తక్కువ ధ్వనికి తానూ గొంతు కలిపి దాన్ని ఇంకా పెంచుతుంది. యాప్‌లో మామూలుగా ఉండే ‘ఎ’ సెట్టింగ్ మన చెవి తీరును అనుసరించి తక్కువ ధ్వనులను బాగా తగ్గించి చూపిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గరైతే ఏకంగా 19 డెసిబెల్స్ కోత. తక్కువ ధ్వనులను అంతగా కోయని ‘సి’ సెట్టింగ్‌కి మార్చగానే అంకె ఎగిరి కూర్చుంది. ఫోను మైకుతో వచ్చే అంకెను ఆర్టీఓ ముందు పెట్టలేం గానీ, అదే ఫోను, అదే చోటు, అదే వేగం, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి చూస్తే ముందుకీ తర్వాతకీ తేడా తెలుసుకోవడానికి చాలు.

తర్వాత ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన డబ్బా వైపు చూడనే లేదు. ఇంజిన్ ఆన్ చేయించి, మందం గుడ్డతో గొట్టం కొనను కొద్దిసేపు మూసి, కింద వంగి చెవి పెట్టాడు. మధ్య జాయింటు దగ్గర ‘సుయ్’ అని వినిపించింది. “ముందుగాల లీకు బంద్ జేయాలె సార్. లీకు పెట్టుకుని ఎంత పెద్ద సైలెన్సర్ ఏసినా పైసలు దండగ.” గాస్కెట్ మార్చి, వెల్డింగ్ పగులు పూడ్చాడు. టపటపమనే చప్పుడు అక్కడికక్కడే పోయింది. ఇంత చవకగా అయిన పని మొత్తం వ్యవహారంలో ఇదొక్కటే.

ఇక డబ్బా ఎంపిక. ఫ్రీఫ్లోలో లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్ ఉంటాయి. ఆ ఊల్ సన్నని, పదునైన ధ్వనులను బాగా పీలుస్తుంది, బొంగురు ధ్వనిని అంతగా ఆపలేదు. పైగా వేడికి కాలి, గాలికి కొట్టుకుపోయి కొన్నేళ్లకు ఖాళీ అవుతుంది. నా డబ్బా అప్పటికే ఖాళీ, తడితే గిన్నెలా మోగింది. కంపెనీ సైలెన్సర్‌లో అరలు ఉంటాయి. ధ్వని ఒక అరలోంచి ఇంకో అరలోకి తిరుగుతూ తనను తాను కొట్టేసుకుంటుంది. బొంగురు ధ్వనికి ఇదే మందు, కానీ చోటు కావాలి. హోరు వచ్చే ధ్వనికి సరిపడా పొడవుతో, ఒక కొస మూసిన పక్కగొట్టం అతికించే పద్ధతి కూడా ఉంది. లెక్క వేస్తే 90 హెర్ట్జ్‌కి నాలుగడుగుల పైనే తేలింది. స్విఫ్ట్ కింద అంత గొట్టం వంచి పెట్టే జాగా లేదు, వదిలేశాను.

పాత సామాన్లలో కంపెనీ సెట్టు ఒకటి దొరికింది. ధర నచ్చింది, మెకానిక్‌కి నచ్చలేదు. ఊపితే లోపల గలగలమంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో అది ఆవిరైపోయేంత వేడెక్కదు, డబ్బాలోనే ఉండి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బయట నలుపు రంగు కొట్టి ఇస్తే మనకు కనిపించదు.

అందుకే కొత్తది ఆర్డరు పెట్టాను, అదీ విడతలుగా. ముందు రెజొనేటర్ ఉన్న మధ్య పైపు ఒక్కటే బిగించి, వెనక పాత ఫ్రీఫ్లోనే ఉంచి, మడికొండ దాటాక మళ్లీ కొలిచాను. గరగర తగ్గింది, హోరు కొంచెం మాత్రమే తగ్గింది. పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేస్తే మాత్రం వాడకట్టు మొత్తం లేచేంత చప్పుడే. వెనక అరల సైలెన్సర్ వచ్చి కూర్చున్నాకే 90 దగ్గర హోరు పోయింది. పూర్తిగానా అంటే, 2,700 దగ్గర వెతికితే కాస్త తగులుతుంది.

బిగించేటప్పుడు రబ్బరు హ్యాంగర్లు కూడా కొత్తవి వేయించాను. పాతవి గట్టిపడితే గొట్టం వణుకు నేరుగా బాడీకి ఎక్కుతుంది. మొదటిసారి వేడెక్కినప్పుడు పైనున్న నూనె కాలి పొగ వచ్చింది, దానికి టెన్షన్ అక్కర్లేదు. చల్లారాక మెకానిక్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాడు.

పవర్ పోతుందని భయపెట్టినవాళ్లు చాలామందే. 83 పీఎస్ ఇంజిన్‌కి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ ఏమీ లేకుండా, వెనక డబ్బా మార్చినంత మాత్రాన వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. నా వరకు కింది ఆర్‌పీఎంలో లాగుడు మెరుగైనట్టే ఉంది. లావు పైపులో గాలి వేగం తగ్గడం వల్లే అంతకుముందు మందంగా ఉండేదని మెకానిక్ అంటాడు.

మా అమ్మ ఈమధ్య మళ్లీ వెనక సీటెక్కింది. ఇప్పుడామె ఫిర్యాదు టైర్ల మీద. ఎగ్జాస్ట్ ఊరుకున్నాక రోడ్డు చప్పుడు బయటపడింది. టైర్లు మారుద్దామా అని మెకానిక్‌ని అడిగితే, “అరిగినంక మార్చుర్రి సార్, తొందరేంది” అన్నాడు.