రీప్లేస్ చేసే చోట లెక్కలు

ఒక పెద్ద నోట్స్ ఫైల్లో బొమ్మలకు 001 నుంచి 140 దాకా నంబర్లున్నాయి. అన్నిటికంటే ముందు ఇంకో బొమ్మ పెట్టాల్సొచ్చింది, అంటే అన్నీ ఒక్కో అంకె ముందుకు జరగాలి. మామూలు రీప్లేస్‌తో 001ని 002 చేస్తే అప్పటికే ఉన్న 002తో కలిసిపోతుంది, కాబట్టి 140 దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి, అదీ 140 సార్లు. అంత ఓపిక నాకు లేదు.

రెగెక్స్ (నమూనా చెప్పి వెతికే పద్ధతి) వాడేవాళ్లలో చాలామంది వెతకడంలో ఎన్ని విద్యలైనా చూపిస్తారు గానీ, రీప్లేస్ దగ్గరికొచ్చేసరికి \1, \2 తో ఆపేస్తారు. అవి పట్టుకున్న ముక్కను మళ్లీ అతికిస్తాయి, అంతే, దానికి ఒకటి కలపమంటే కలపవు. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో అయితే సబ్‌స్టిట్యూట్ (వెతికి మార్చే) కమాండ్ రెండో భాగాన్ని \= తో మొదలుపెడితే, ఆ తర్వాత రాసింది ఎక్స్‌ప్రెషన్ (లెక్కగట్టాల్సిన ఫార్ములా) అని అర్థం చేసుకుని, దొరికిన ప్రతి మ్యాచ్‌కీ విడిగా లెక్కగట్టి జవాబును అక్కడ పెడుతుంది. వెతికేది [0-9]\+ (వరుసగా ఉన్న అంకెలు) అనుకోండి, రీప్లేస్‌లో \=సబ్‌మ్యాచ్(0)+1 (సబ్‌మ్యాచ్(0) అంటే దొరికిన ముక్క మొత్తం, ఫంక్షన్ పేరు ఇంగ్లీషులో submatch అని కొట్టాలి, తెలుసుగా). ఒకసారి మార్చిన చోటికి మళ్లీ రాదు కాబట్టి పైనుంచా కిందనుంచా అన్న గొడవే లేదు.

నేనూ అదే కొట్టి చాలా సంబరపడ్డాను. తీరా చూస్తే 008 కాస్తా 9 అయింది, 010 కూడా 9 అయింది!

ముందున్న సున్నాలు పోతాయని ఊహించాను గానీ రెండు తొమ్మిదులేంటో అర్థం కాలేదు. సంగతేంటంటే, పాత విమ్‌స్క్రిప్ట్ (విమ్ సొంత భాష) స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరుసని, నంబరుగా మార్చేటప్పుడు ముందు సున్నా ఉంటే దాన్ని ఆక్టల్ (0 నుంచి 7 దాకా అంకెలే ఉండే ఎనిమిదుల లెక్క) అనుకుంటుంది. ఆక్టల్‌లో 010 అంటే 8, ఒకటి కలిపితే 9. మరి 008? ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కాబట్టి దాన్ని మాత్రం బుద్ధిగా పదుల లెక్కలోనే చదివింది. అన్నీ తప్పయితే వెంటనే కనబడేది, ఇలా కొన్ని ఒప్పు కొన్ని తప్పు అయితేనే ప్రాణం మీదికొస్తుంది. అండూ కొట్టి, సబ్‌మ్యాచ్‌ని ముందు స్ట్రింగ్‌ని నంబరు చేసే str2nr ఫంక్షన్‌కి ఇచ్చాను, అది అడక్కపోతే పదుల లెక్కే వాడుతుంది. వచ్చిన దాన్ని ప్రింట్‌ఎఫ్ (printf) ఫంక్షన్‌తో మూడంకెల వెడల్పుకి సున్నాలతో నింపాను. అప్పుడు 010 చక్కగా 011 అయింది.

మరో చిన్న దెబ్బ కూడా తగిలింది, ఫైల్లో ఎక్కడో ఉన్న 2019 అనే సంవత్సరం 2020 అయిపోయింది. అది లెక్క తప్పు కాదు, నా ప్యాటర్న్ (వెతికే నమూనా) బద్ధకం. నంబరు ముందు "బొమ్మ" అన్న మాట కూడా ఉండాలని పెట్టి, ఆ మాట తర్వాత \జెడ్‌ఎస్ (ఇదీ ఇంగ్లీషు అక్షరాలే, \zs) రాస్తే మ్యాచ్ అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లకి ఇది ఇంకా సుఖం. రెగెక్స్ రీప్లేస్‌లో \, తర్వాత లిస్ప్ (ఈమ్యాక్స్ వాడే ప్రోగ్రామింగ్ భాష) ఎక్స్‌ప్రెషన్ రాయొచ్చు, \,(1+ \#1) అంటే మొదటి గ్రూపుని (ప్యాటర్న్‌లో మొదటి బ్రాకెట్ల జత పట్టుకున్న ముక్కని) నంబరుగా తీసుకుని ఒకటి కలుపు అని. ఆక్టల్ పేచీ లేదు, సున్నాలు మాత్రం ఫార్మాట్ (format) ఫంక్షన్‌తో మనమే నింపుకోవాలి. ఉత్త \# అయితే ఇప్పటిదాకా ఎన్ని రీప్లేస్‌లు జరిగాయో ఆ లెక్క, సున్నా నుంచి మొదలవుతుంది, వరుస నంబర్లు మొదట్నుంచీ వేసుకోవాలంటే నాకు తెలిసి ఇంతకంటే పొట్టి దారి లేదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ రీప్లేస్ బాక్సులో అక్షరాలను పెద్దవి చిన్నవి చేసుకోవచ్చు గానీ కూడికలు కుదరవు, అందుకే ఈ ఒక్క పనికి ఫైల్ని ఇప్పటికీ విమ్‌లో తెరుస్తుంటాను.