రెండు సున్నాలు దొరికిన రాత్రి

డిగ్రీ చివరి ఏడాది నంబర్ థియరీ చదువుతున్నప్పుడు ఒక సంఖ్య నన్ను వదల్లేదు: 4,29,49,67,297. 2 పవర్ 32కి ఒకటి కలిపితే వచ్చేది. 2 పవర్ 1, 2, 4, 8, 16లకు ఒకటి కలిపితే ఆ వరుసలో దానికి ముందున్న 3, 5, 17, 257, 65,537 వస్తాయి, అవన్నీ ప్రధాన సంఖ్యలే. తర్వాతివీ అంతేనని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త ఈ సంఖ్యను 641 భాగిస్తుందని చూపించాడు. పుస్తకంలో అది ఒక్క లైను. అక్కడిదాకా నా చేత్తో లెక్క చేసుకుంటూ వెళ్లాలనిపించింది.

మామూలు దారిలో వెళ్తే, ఇది ప్రధానమో కాదో తేలాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 65,536 లోపు ప్రధాన సంఖ్యలన్నీ పట్టిచూడాలి. అవి 6,542 ఉన్నాయి. కానీ ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, దానితో భాగించినప్పుడు 2 పవర్ 32కి శేషం మైనస్ ఒకటి, 2 పవర్ 64కి శేషం ఒకటి. అందుకని ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలింది 64 ఎక్కంలో ఉండాల్సిందే. దీనికి ఆధారం ఫెర్మా సొంత సిద్ధాంతమే (2కి బేసి ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ పవర్ వేసి, ఆ ప్రధాన సంఖ్యతోనే భాగిస్తే శేషం ఒకటి), అదే నాకు అన్నిటికంటే నచ్చింది.

64 ఎక్కం రాసి, ఒక్కోదానికి ఒకటి కలిపి, ప్రధానం కానివి కొట్టేశాను. 641 దాకా మిగిలినవి ఐదే. 193తో శేషం 109, 257తో 2, 449తో 325, 577తో 288.

ఇక 641. 4294లో ఆరు సార్లు, మిగిలింది 448. 9 దింపితే 4489, అందులో ఏడు సార్లు, మిగిలింది 2. ఆ తర్వాత అంకెలు గబగబా దించుకుంటూ పోయాను. శేషం సున్నా! భాగఫలం 67,417 అని రాసి బాపుకు చూపించాను. బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తా.

"తొమ్మిదితోని సరిచూసినవా బిడ్డా?" అన్నాడు.

అంకెలు కలిపాం. పెద్ద సంఖ్యకు 59, అంటే చివరికి 5. 641కి 2, భాగఫలానికి 7. రెండేళ్లు పద్నాలుగు, మళ్లీ 5. సరిపోయింది. కానీ బాపు కాగితం తిరిగి ఇవ్వలేదు. "67 వేలను 641తోని గుణిస్తే నాలుగు కోట్లే అయితది గదా. 429 కోట్లు యాడికెళ్లి వస్తయి?"

మళ్లీ మొదటి నుంచి చూశాను. 6 దించినప్పుడు 26, 7 దించినప్పుడు 267. రెండుసార్లూ 641 పోదు, రెండుసార్లూ భాగఫలంలో సున్నా పెట్టాలి, నేను పెట్టలేదు. అసలు భాగఫలం 67,00,417. అంకెల మొత్తానికి సున్నా ఉన్నా లేకున్నా ఒకటే. పదకొండుతో, అంటే అంకెల్ని ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ సరిచూసినా దొరికేది కాదు, ఎందుకంటే పోయినవి పక్కపక్కనున్న రెండు సున్నాలు. ఒక్కటే పోయుంటే అక్కడ పట్టుబడేది.

మర్నాడు 67,00,417 పని పట్టాను. దాన్ని భాగించేది పెద్ద సంఖ్యనూ భాగిస్తుంది కాబట్టి మళ్లీ అదే ఎక్కం, దీని వర్గమూలం 2,588 దాకా చాలు. 641 ఇంకోసారి, తర్వాత 769, 1153, 1217, 1409, 1601. ఏదీ భాగించలేదు. చివరిది 2113, శేషం 94. అంటే 67,00,417 ప్రధాన సంఖ్యే.